శంఖం తెల్లనిదని ఎవరు చెప్పారు?

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. ఎదుటివాడి బుద్ధిలో వంకరను ఎత్తిపొడవడానికి తెలుగువాళ్ళు దీన్ని ధారాళంగా వాడతారు. ఈ సామెతకు శాస్త్ర గ్రంథాల్లో ఒక చుట్టం ఉంది: పీతశంఖం. కామెర్ల రోగి ముందు తెల్లని శంఖం పెడితే పచ్చని శంఖమంటాడు. అతను అబద్ధమాడటం లేదు, కళ్ళు మూసుకునీ లేడు. మరి తప్పెక్కడుంది? శంఖంలోనా, కంట్లోనా, మధ్యనున్న వెలుతురులోనా, నోటి మాటలోనా? మీమాంసకులు, నైయాయికులు, బౌద్ధులు, వేదాంతులు వెయ్యేళ్ళకు పైగా ఈ ఒక్క శంఖాన్ని పట్టుకుని ఊదుతూనే వచ్చారు.

ఇప్పుడు ఆ శంఖం కంప్యూటర్ తెర మీదికి వచ్చింది.

1995లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఒకటి మొదలుపెట్టారు. పేరు గింప్. ఎవరైనా పైసా ఖర్చు లేకుండా వాడుకోవచ్చు, దాని కోడ్ తెరిచి చదువుకోవచ్చు, మార్చి పదిమందికి పంచుకోవచ్చు. అందులో లెవెల్స్ అనే కిటికీ తెరిస్తే నలుపుకొకటి, బూడిదకొకటి, తెలుపుకొకటి చొప్పున మూడు డ్రాపర్లు కనిపిస్తాయి. బల్బు వెలుతురులో తీసి పసుపు కొట్టిన ఫోటో ఏదైనా తెరిచి, బూడిద డ్రాపర్‌తో పెళ్ళికొడుకు చొక్కా మీదో వెనక సున్నం గోడ మీదో నొక్కితే చాలు. పసుపంతా క్షణంలో దిగిపోతుంది. మొహాలు మొహాల్లా కనిపిస్తాయి. చూసేవాళ్ళు అమ్మయ్య అనుకుంటారు.

ఆ ఒక్క నొక్కులో జరిగింది గణితం అనిపిస్తుంది కానీ, గణితానికి ముందు ఒక సాక్ష్యం జరిగింది. నొక్కినవాడు, ఈ చోట అసలు ఏ రంగూ లేదని ప్రమాణం చేశాడు. సాఫ్ట్‌వేర్ ఆ మాట నమ్మి, అక్కడ కనబడిన రంగంతా దోషమేనని తేల్చి, ఆ దోషాన్ని ఫోటో అంతటి నుంచీ తీసేసింది. గోడకు వేసింది సున్నం కాదు, లేత గంధం రంగు డిస్టెంపర్ అయితే? అప్పుడు దిద్దుబాటే కామెర్లు. ఇక్కడున్న చిక్కంతా ఇదే: శంఖం తెల్లనిదని ముందే తెలిసినవాడికే అది పచ్చగా కనబడటం తప్పని తెలుస్తుంది. ఆ ముందస్తు ఎరుక ఫోటోలో లేదు, కెమెరాలో లేదు, సాఫ్ట్‌వేర్‌లో అంతకన్నా లేదు.

ఎందుకు లేదంటే, కెమెరా సెన్సరుకు అందేది ఒక గుణకారపు ఫలితం మాత్రమే. దీపం నుంచి వచ్చిన వెలుతురును వస్తువు తన స్వభావం కొద్దీ కొంత మింగి కొంత వదులుతుంది. ఆ వదిలినది లెన్సులోకి వస్తుంది. లబ్ధం 24 అని చెప్పి, గుణించిన రెండంకెలూ ఏవో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? నాలుగార్లు కావచ్చు, మూడెనిమిదులు కావచ్చు. తెల్ల గోడ మీద పసుపు దీపమా, పసుపు గోడ మీద తెల్ల దీపమా అన్నది సెన్సరుకు అచ్చం అలాంటి లెక్కే.

ఏడో శతాబ్దపు మీమాంసకుడు ప్రభాకరుడు కెమెరా చూడలేదు గానీ, ఈ లెక్క ఆయన దారికి విచిత్రంగా సరిపోతుంది. ఆయన మతంలో పచ్చశంఖం అనే తప్పుడు జ్ఞానం అసలు లేనేలేదు. పైత్యపు పసుపు కనబడింది, అది నిజమే. తెలుపు కనబడకుండా శంఖం కనబడింది, అదీ నిజమే. ఈ రెండూ వేర్వేరని తోచకపోవడమే జరిగిందంతా. దీన్నే అఖ్యాతి అన్నారు. ఉన్నదాన్ని ఇంకోలా చూడటం కాదు, రెండింటి మధ్య గీత గీయలేకపోవడం. కెమెరా పక్షాన వకాల్తా పుచ్చుకోవాలంటే ఇంతకన్నా మంచి వాదం దొరకదు. సెన్సరు ఎప్పుడూ అబద్ధం చెప్పదు, వేరు చేసి చెప్పదంతే.

సాటి మీమాంసకుడు కుమారిలభట్టు దీనికి ఒప్పుకోలేదు. గీత గీయకపోవడమే కాదు, ఒకదాని రంగును మరొకదానికి అంటగట్టడం కూడా జరిగిందంటాడు. అది విపరీతఖ్యాతి. పసుపు ఎక్కడో ఉంది, శంఖమూ ఉంది, కానీ శంఖానికి పసుపు లేదు. డ్రాపర్ పట్టుకున్న ప్రతి ఫోటోగ్రాఫరూ తనకు తెలియకుండానే కుమారిలుడి శిష్యుడు. పసుపు దీపానిది, మొహానిది కాదు, కాబట్టి దీపానిది దీపానికి ఇచ్చేయాలి.

రామానుజాచార్యుల దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. శ్రీభాష్యంలో ఆయన పచ్చశంఖం గురించి చెప్పేది ఇది: కంటి కిరణాలు పైత్యంతో కలిసి శంఖం దాకా వెళతాయి, పైత్యపు పసుపు శంఖం తెలుపును కప్పేస్తుంది, అందుకే బంగారు పూత పూసినట్టు కనబడుతుంది. ఆ పసుపు కల్పన కాదు, నిజంగా ఉన్నదే. మరీ సూక్ష్మం కాబట్టి పక్కవాడికి కనబడదు, అంతే. జ్ఞానానికి విషయమైనదంతా యథార్థమేనన్న పట్టుదల ఆయనది. కంటి నుంచి కిరణాలు బయల్దేరతాయన్న పాత భౌతికాన్ని పక్కన పెడితే, ఈ మాట ఫోటోగ్రాఫర్‌ను నిలదీస్తుంది. సుమారు 2700 కెల్విన్ల పాతకాలపు బల్బు కింద అమ్మమ్మ కూర్చున్నప్పుడు ఆమె మొహం మీద పడిన పసుపు అబద్ధమా? ఆ గదిలో ఆ రాత్రి ఆ వెలుతురు నిజంగా ఉంది. దాన్ని తుడిచేస్తే అమ్మమ్మ స్టూడియోలో కూర్చున్నట్టు వస్తుంది. అనుభవమున్న ఫోటోగ్రాఫర్లు దీపాల వెలుతురులో తీసిన బొమ్మకు పసుపును పూర్తిగా తీయకుండా కొంచెం మిగల్చడం మామూలే. వాళ్ళను అడిగితే వెచ్చదనం పోతుందంటారు. రామానుజీయులని ఎవరూ వాళ్ళకు చెప్పి ఉండరు.

మనిషి నొక్కడం ఎందుకు, యంత్రమే తేల్చుకోవచ్చు కదా అంటే, ఆ ప్రయత్నాలూ ఉన్నాయి. గింప్‌లో ఆటో వైట్ బ్యాలెన్స్ అని ఒకటి ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళలో ఒక్కొక్కదాని రెండు కొసల నుంచీ 0.05 శాతం పిక్సెళ్ళను వదిలేసి, మిగిలినదాన్ని నిలువెల్లా సాగదీస్తుంది. ఇంకో పాత సూత్రం 1980లో బుక్స్‌బామ్ రాసిన పరిశోధనతో పేరుపడింది. దృశ్యంలోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రావాలని, రాకపోతే ఆ తేడా దీపం తప్పని దాని ఊహ. అంటే ప్రపంచం సగటున రంగులేనిదన్న నమ్మకం. ఏ వైరాగ్య శతకకర్తా ఇంత దూరం పోలేదు.

ఈ నమ్మకాన్ని తెలుగు పెళ్ళికి తీసుకుపోతే ఏమవుతుందో చూడాలి. మంగళస్నానాల పూట. పెళ్ళికూతురి చేతులకూ మెడకూ పసుపు, కట్టుకున్న చీర పసుపు, చుట్టూ బంతిపూలు, పైన పసుపు షామియానా, దాని గుండా దిగే ఎండా పసుపే. సగటు తీసే సూత్రానికి ఇదంతా ఒకే ఒక పెద్ద కామెర్ల కేసులా కనిపిస్తుంది. చికిత్స మొదలుపెట్టి పసుపును తగ్గించి నీలం ఎక్కిస్తుంది. బంతిపూలు వెలిసిపోతాయి, పెళ్ళికూతురు జ్వరం పడి లేచినట్టుంటుంది. ఇక్కడ శంఖం నిజంగానే పచ్చనిది. షామియానా వల్ల వచ్చిన పసుపు ఎంత, ఒంటికి రాసిన పసుపు ఎంత అన్నది పంచగలిగినవాడు ఆ పందిట్లో నిలబడ్డవాడే, అది కూడా చూసింది గుర్తుంటేనే.

అసలు రంగు ఫైల్లోనే ఉంటుంది, కెమెరా ఇచ్చిన రా ఫైలు తెరిస్తే సత్యం దొరుకుతుంది అని వాదించేవాళ్ళున్నారు. నిత్యశుద్ధ బుద్ధ పదార్థమేదో లోపల కూర్చుని ఉందన్న ధీమా. 2009లో యోహానెస్ హనికా మొదలుపెట్టిన డార్క్‌టేబుల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క దిద్దుబాటునూ ఆపేస్తూ పోతే ఈ ధీమా ఎంత నిలుస్తుందో చూడవచ్చు. చివరికి మిగిలేది చీకటిగా, పచ్చగడ్డి ఛాయలో, గళ్ళు గళ్ళుగా ఉన్న ఒక బొమ్మ. కారణం 1976లో కోడాక్ ఉద్యోగి బ్రైస్ బేయర్‌కు పేటెంటు వచ్చిన జల్లెడ. సెన్సరు మీద ప్రతి నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి. ఏ గడికీ మూడు రంగులూ తెలియవు. తెలియని రెంటినీ పక్క గళ్ళను అడిగి ఊహించుకోవాలి. పైగా పగటి వెలుతురులో కూడా చాలా కెమెరాల్లో ఎరుపు అంకెలను రెట్టింపు దాకా పెంచితే తప్ప తెల్ల కాగితం తెల్లగా రాదు. దిద్దని రంగు అనేది అక్కడ దొరకదు. ఉల్లిపాయ వొలిచినట్టే.

తెలుగు పండితుడు అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఇక్కడ అక్కరకొస్తుంది. కన్ను ఒక్కటే పట్టుకోగల గుణాన్ని అందులో రూపం అన్నాడు, అంటే రంగు. అవి ఏడు: తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, కపిశం, చిత్రం. నలుపుకు వేరే పద్దు లేదు, నీలంలోనే అదీ. (దీనికి నవ్వే తెలుగువాడు తన భాషలో పచ్చగడ్డీ పచ్చకామెర్లూ ఒకే పచ్చ అని ఒకసారి గుర్తు చేసుకోవాలి.) అసలు సొగసు తెలుపు దగ్గర ఉంది. నీటిలోని తెలుపు మెరవనిది, తేజస్సులోని తెలుపు మెరిసేది అని రెండుగా చీల్చాడు. భూమి సంబంధమైన వస్తువులకు మాత్రం ఏడు రంగులూ. అంటే దీపానిది స్వభావరీత్యా ఎప్పుడూ తెలుపే, రంగుల రకరకాల బాగోతమంతా వస్తువులది. నేటి భౌతికం దీన్ని ఒప్పుకోదు, కొవ్వొత్తి వెలుతురు తెల్లనిది కాదు. కానీ వైట్ బ్యాలెన్స్ అనే పని చేసేది సరిగ్గా ఇదే: ఏ దీపాన్నైనా తెల్లనిదానిగా మార్చి, రంగుల పద్దంతా వస్తువుల ఖాతాలో వేయడం. లోకంలో నిజం కానిది ఫోటోలో విధిగా పాటించే నియమమైంది.

తెల్లనిది అని చెప్పే సాక్షి ఎవరన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. గింప్ అయినా డార్క్‌టేబుల్ అయినా రంగును అంకెల్లోకి మార్చేటప్పుడు ఆనుకునే పునాది 1931లో అంతర్జాతీయ దీపన సంఘం ఖాయం చేసిన ప్రామాణిక ద్రష్ట. వేదాంతంలోని సాక్షిచైతన్యంలా వినిపించే ఈ మాట వెనక ఉన్నది 17 మంది మనుషులు. ఇంగ్లండులో డేవిడ్ రైట్ పది మందిని, జాన్ గిల్డ్ ఏడుగురిని కూర్చోబెట్టి, మూడు దీపాలు కలిపి రంగులు సరిచూడమని చేసిన ప్రయోగాలవి. ఆ కళ్ళ సగటే ఇవాళ్టి ఫోన్ల నుంచి పెళ్ళి ఆల్బముల దాకా రంగుకు కొలబద్ద. ఇందులో కుట్రేమీ లేదు, పనికొచ్చే కొలబద్దే. కానీ అది ఒకచోట, ఒక కాలంలో, కొందరు చెప్పిన సాక్ష్యమన్నది మరిచిపోకూడదు.

కుట్ర కాకపోయినా అన్యాయం జరిగిన సందర్భం మరొకటుంది. కోడాక్ ప్రింటింగ్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి షర్లీ కార్డు అనేది వాడేవారు. దాని మీద తెల్లజాతి యువతి ఫోటో. మొదటి మోడల్ పేరు షర్లీ, తర్వాత ఎందరు మారినా పేరు అదే ఉండిపోయింది. ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టే. దశాబ్దాల పాటు నల్లటి మొహాలు ఆ సరిలో మునిగిపోయి పళ్ళు, కళ్ళు తప్ప కనబడకుండా పోయాయి. నలుపు ఛాయల్లో తేడాలు బాగా పట్టాలన్న ఒత్తిడి కోడాక్ మీద ముందుగా తెచ్చినవాళ్ళలో చాకొలెట్లు, చెక్క సామాను అమ్మే కంపెనీలు ఉండటం చరిత్రలో ఒక చేదు హాస్యం.

మళ్ళీ కామెర్ల దగ్గరికి. శాస్త్రకారుల రోగి మీద నేటి వైద్యులకు ఒక అభ్యంతరం ఉంది. కామెర్లు వచ్చిన మనిషి కళ్ళు ఇతరులకు పచ్చగా కనబడతాయి గానీ, అతనికి లోకం పచ్చగా కనబడటం చాలా అరుదు. కంటి వెనక మెదడు తన వైట్ బ్యాలెన్స్ తను చేసుకుంటూ ఉంటుంది. ఇంకా మంచి ఉదాహరణ శుక్లాలు. పేరు చూస్తే తెలుపు. చేసే పని కంటి కటకాన్ని ఏళ్ళ తరబడి మెల్లగా పసుపుకూ గోధుమకూ తిప్పడం. రోగికి ఆ మార్పు తెలియదు. ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పితే తెల్లగోడ నీలంగా ఉందంటాడు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకు 1923లో కుడికంటికి ఆపరేషన్ అయ్యాక ఇదే గొడవ. రంగుటద్దాలు పెట్టుకుని సర్దుకోవలసి వచ్చింది. కొన్నాళ్ళు పోయాక నీలం తగ్గి గోడ మళ్ళీ తెల్లబడుతుంది. గోడ మారలేదు, కొత్త కటకమూ మారలేదు. తెలుపంటే ఇదేనని లోపలివాడు మళ్ళీ తీర్మానించుకున్నాడు.

అడగడానికి మనిషే లేని చోట ఏం చేయాలి? 1976 జులై 20న వైకింగ్-1 అంగారకుడి మీద దిగింది. మర్నాడు మొదటి రంగు ఫోటో వచ్చింది. హడావుడిగా సిద్ధం చేసి విడుదల చేసిన ఆ ఫోటోలో ఆకాశం లేత నీలం. జనం మురిసిపోయారు. తర్వాత శాస్త్రజ్ఞులు వ్యోమనౌక మీదే అమర్చిన రంగుల పట్టీతో సరిచూస్తే తేలింది వేరు: గాలిలో వేలాడే ధూళి వల్ల ఆకాశం గులాబీ కలిసిన పసుపు ఛాయ. ఆ సంగతి చెప్పినప్పుడు విలేకరుల నుంచి నిరసన కేకలు లేచాయని ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్ల్ సేగన్ కాస్మోస్‌లో రాశాడు. ఆకాశం నీలంగా ఉండాలని ముందే తెలిసినవాళ్ళు వాళ్ళు. శంఖం తెల్లనిదని తెలిసినట్టే.

ఇంకా తమాషా 2013లో. క్యూరియాసిటీ రోవర్ తీసిన షార్ప్ పర్వతం విశాలచిత్రాన్ని నాసా కావాలనే భూమి మీది పగటి వెలుతురుకు సర్ది విడుదల చేసింది. ఆకాశం మళ్ళీ నీలమైంది. ఈసారి పొరపాటు కాదు. భూమి మీద రాళ్ళు చూసి అలవాటుపడ్డ భూగర్భ శాస్త్రజ్ఞులు, అంగారకుడి రాళ్ళను ఆ అలవాటుతోనే గుర్తుపట్టాలంటే భూమి దీపం వెలిగించాలి. సర్దని ఫోటో అక్కడ నిలబడినవాడికి కనబడేదానికి దగ్గర. సర్దిన ఫోటో రాయి స్వభావానికి దగ్గర. రామానుజులకొకటి, కుమారిలుడికొకటి. రెంటి కింద ఏది ఏమిటో రాసి ఉంది కాబట్టి ఎవరూ మోసపోలేదు.

రాయకపోతే ఏమవుతుందో 1994 జూన్ చివర్లో అమెరికా చూసింది. హత్యారోపణపై అరెస్టయిన నల్లజాతి క్రీడాకారుడు ఓ.జే. సింప్సన్‌ను పోలీసులు తీసిన ఒకే ఫోటోను న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు వేసింది, టైమ్ ముఖచిత్రంగా బాగా నల్లబరిచి వేసింది. రెండూ పక్కపక్కన దుకాణాల్లో వేలాడేసరికి పెద్ద దుమారం రేగింది. గింప్‌లోనైతే కర్వ్స్ గీతను కాస్త కిందికి లాగితే అయ్యే పని. అదే లాగుడు పొరపాటున ఎండ ఎక్కువ పడ్డ ఫోటోను బతికిస్తుంది. చేతిలో తేడా లేదు.

అందుకే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్లలో గమనించదగ్గది ధర లేకపోవడం కాదు. డార్క్‌టేబుల్ అసలు ఫైలును ముట్టుకోదు. చేసిన ప్రతి దిద్దుబాటునూ పక్కన ఒక చిన్న ఎక్స్‌ఎంపీ ఫైల్లో వరసగా రాసిపెడుతుంది. గింప్ చాలాకాలం ఫిల్టర్లను బొమ్మలోకే దించేసేది. 2025 మార్చిలో వచ్చిన 3.0తో వాటిని విడిగా ఉంచి తర్వాత మార్చుకునే వీలు తెచ్చింది. పైగా ఏ అంకెను దేనితో గుణించారో చెప్పే కోడ్ ఎవరైనా చదవగలిగేలా ఉంటుంది. మీమాంసా సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి అందులో ఒక జ్ఞానం తప్పని తేలే దారులు రెండన్నాడు: దాన్ని కొట్టేసే మరో జ్ఞానం కలగాలి, లేదా దాని కారణంలో దోషం బయటపడాలి. చరిత్ర ఫైలూ, తెరిచిన కోడూ ఈ రెండో దారిని మూయకుండా ఉంచుతాయి. పక్కవాడు వచ్చి, నువ్వు నొక్కింది సున్నం గోడ మీద కాదు, గంధం రంగు గోడ మీద అని వేలు పెట్టి చూపించగలడు. చూపించాక ఆ ఒక్క మెట్టు వెనక్కి తీసుకోవచ్చు. సత్యం అక్కడ ఉందనలేం గానీ, తగువుకు చోటుంది. మన పాత వాదాలన్నీ ఆ చోటులోనే బతికాయి.

సాక్షిని నమ్మడానికి ఇంకో సాక్షి, అతనికి మరొకడు అంటూ పోతే అనవస్థ అని తార్కికులు హెచ్చరిస్తారు. అంగారకుడి మీద అది కంటికి కనబడేలా జరిగింది. క్యూరియాసిటీ వీపున, రంగులు సరిచూసుకోవడానికి పెట్టిన పలకలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు బిళ్ళలూ బూడిద వలయాలూ ఉన్నాయి. అంగారకుడి ధూళిలో అయస్కాంతానికి అంటుకునే పదార్థం ఉంటుందని బిళ్ళల కింద అయస్కాంతాలు అమర్చారు, ధూళి ఒక పక్కకు చేరి కాస్త చోటైనా శుభ్రంగా మిగలాలని. అయినా ధూళి పడుతూనే ఉంది. ఈసారి పైత్యం కంటికి కాదు, శంఖానికే పట్టింది. రోవర్ బొమ్మల మీద పనిచేసేవాళ్ళు ఆ ఎర్ర పొర ప్రభావం ఎంతో లెక్కగట్టి తీసేస్తారు. తీసేసేటప్పుడు వాళ్ళు చూసుకునేది, బయల్దేరే ముందు ఇక్కడ ప్రయోగశాలలో ఆ బిళ్ళలను దీపం కింద పెట్టి కొలిచి రాసుకున్న అంకెల పట్టికను.